పాత జీపుకు కొత్త జోళ్లు

మనిషికి జోళ్లు కొనాలంటే కాలు చాపితే చాలు. అంగడివాడు కొలత చూసి నాలుగు జతలు ముందు పడవేస్తాడు. నాలుగడుగులు వేసి చూసి, కరవని జత తెచ్చుకుంటాం. బండికి టైర్లు కొనడం అంత సుళువు కాదు. అందులోనూ ఆ బండి పాతికేళ్లు దాటిన జీపు అయి, నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందేదై, తిరిగేది తడ ప్రాంతంలో అయితే, ఆ బేరం పెళ్లిసంబంధం కుదర్చడం కన్నా కష్టం. కట్నం దగ్గర కన్నా జాతకాల దగ్గరే చిక్కు ఎక్కువ.

తడ ఎందుకంటారా? చెన్నపట్నం నుంచి కలకత్తా పోయే పెద్దరోడ్డు మీద ఆంధ్రదేశంలో అడుగుపెట్టగానే తగిలే వూళ్లలో ఇదొకటి. 2022 దాకా నెల్లూరు జిల్లాలో వుండేది. ఆ ఏడు ఏప్రిల్‌లో కొత్తగా ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరింది. తూర్పున పులికాటు సరస్సు. మంచినీరూ ఉప్పునీరూ కలిసే సరస్సులలో మన దేశంలో చిలకా తరువాత ఇదే పెద్దది. పడమట వరదయ్యపాళెం, సత్యవేడు. ఆ పైన అడవి, కొండలు, ఉబ్బలమడుగు జలపాతం. అంచేత ఈ ప్రాంతపు బండి ఒకే రోజున నాలుగు రకాల నేల తొక్కవలసి వస్తుంది. పొద్దున జాతీయ రహదారి, పది గంటలకు కంకరబాట, మధ్యాహ్నం చెరువుకట్ట, సాయంకాలం సరస్సు ఒడ్డున ఉప్పుబురద. ఇన్నిటికీ ఒకే జత జోళ్లు కావాలి!

విచిత్రమేమిటంటే, ఈ చుట్టుపక్కల జోళ్లకూ టైర్లకూ కొదవలేదు. తడ మండలం మాంబట్టులోని అపాచీ కర్మాగారంలో అడిడాస్ బూట్లు తయారవుతాయి. వరదయ్యపాళెం మండలం చినపాండూరులో అపోలో వారి టైర్ల కర్మాగారం 2020లో పని ప్రారంభించింది. సరిహద్దుకు ఆవల తేర్వాయ్ కండిగైలో మిషెలిన్ వారిది వుంది. ఇంకా దక్షిణాన తిరువత్తియూరులో ఎం.ఆర్.ఎఫ్. వారు 1961లోనే టైర్ల తయారీకి దిగారు. రబ్బరు తోటలు కేరళలో, టైర్లు మన ముంగిట్లో. అయినా కర్మాగారం పక్కన కాపురమున్నంత మాత్రాన ఏ టైరు కొనాలో తెలియదు. బియ్యపు మిల్లు పక్కనున్న వాళ్లందరికీ వంట వస్తుందా?

ఇంట్లో పంచాయతీ

మా అక్కయ్యను తడకు పడమట ఒక పల్లెలో ఇచ్చారు. బావగారికి మామిడితోట, కొంత మాగాణి, ఒక మహీంద్రా ఎం.ఎం. 540 జీపు వున్నాయి. క్రిందటేడు వానలకు ముందు ఆ జీపు టైర్ల సంగతి ఇంట్లో పెద్ద పంచాయతీ అయింది. టైర్ల బటన్లు సగానికి సగం మిగిలే వున్నాయి గాని, పక్కలు మాత్రం ఎండిన చెరువుమన్నులా నెరలు విచ్చాయి.

“బటన్లు వున్నాయి గదయ్యా! ఇంకో రెండేళ్లు లాగిద్దాం. కాదంటే రీబటను వేయిద్దాం,” అన్నారు బావగారు.

మేనల్లుడు ఇంజనీరింగు చదువుతున్నాడు. “అదేం కాదు మామా. పెద్ద బటన్ల మడ్ టైర్లు వేయిద్దాం. రెండంగుళాలు ఎత్తు పెరిగితే బండి సింహంలా వుంటుంది,” అన్నాడు.

అక్కయ్య వంటింట్లోంచి వచ్చింది. “సింహమో పిల్లో నాకు తెలియదు. నెలకు రెండుమార్లు మా అత్తమ్మను తిరుపతి ఆస్పత్రికి తీసుకుపోయేది ఇందులోనే గదా. వాన కురిసిన రోడ్డు మీద గేదె అడ్డం వస్తే బండి ఆగాల. నాకు అంతకన్నా అక్కరలేదు.”

తీర్పు చెప్పే భారం నా మీద పడింది. “నువ్వు శాసనాలు చదివేవాడివి. టైరు మీద రాసింది మాత్రం చదవలేవా?” అన్నారు బావగారు. కాలేజీలో తెలుగు చెప్పుకునేవాణ్ణి టైర్ల తగవుకు పెద్దమనిషిని చేశారు. పెద్దమనిషి అన్న తరువాత సంగతి తెలుసుకోక తప్పదు గదా! సూళ్లూరుపేటలో టైర్ల అంగడి పెట్టుకున్న ఒక పెద్దాయన దగ్గర రెండు పూటలు కూచుని, నాలుగు పుస్తకాలు తిరగవేసి, తెలుసుకున్నది పాఠకులకు మనవి చేస్తున్నాను. పాత జీపు వున్న ఇళ్లు ఇంకా చాలానే వున్నాయి.

కదలడం వేరు, ఆగడం వేరు

నాలుగు చక్రాలకూ బలం అందే బండి అంటే మనవాళ్లకు ఒక భ్రమ వుంది. అది ఎక్కడా జారదనీ, ఎలాంటి దారిలోనైనా పిల్లిలా పట్టుకుంటుందనీ. ఇందులో సగమే నిజం. మామూలు బండిని రెండు చక్రాలు నెడతాయి, ఈ బండిని నాలుగూ నెడతాయి. అంచేత బురదలోంచి బయటికి రావడానికి, మిట్ట ఎక్కడానికి ఇది మేలే. కాని బ్రేకు తొక్కినప్పుడు ఏ బండి అయినా నాలుగు చక్రాల మీదనే ఆగుతుంది. అక్కడ జీపుకు ప్రత్యేకమైన వరమేమీ లేదు. పైపెచ్చు పాత జీపు బరువైనది, ఎత్తయినది.

టైరు ఎంత పెద్దదైనా నేలను తాకేది ఇంచుమించు ఒక మనిషి పాదమంత మేరే. ఆ నాలుగు పాదాల మీదనే ఇంటిల్లిపాది ప్రాణాలు వుంటాయి. కాబట్టి టైరును చూడగానే “ఇది ఎక్కడికి తీసుకుపోతుంది?” అని కాదు, “ఇది ఎక్కడ ఆపుతుంది?” అని ముందు అడగాలి. మా అక్కయ్య ఇంజనీరింగు చదవలేదు గాని, అడగవలసిన ప్రశ్న ఆమే అడిగింది.

మూడు జాతులు

జీపు టైర్లు ముఖ్యంగా మూడు జాతులు. మొదటిది రోడ్డు టైరు. దాని మీద గాళ్లు సన్నంగా, దగ్గర దగ్గరగా వుంటాయి. తారురోడ్డు మీద చప్పుడు లేకుండా పోతుంది, తడిలో చక్కగా ఆగుతుంది. బురదలో దిగితే మాత్రం ఆ సన్నని గాళ్లు మన్నుతో పూడుకుపోయి, టైరు నున్నగా తయారవుతుంది.

రెండవది మడ్ టైరు. పెద్ద పెద్ద బటన్లు, వాటి మధ్య వెడల్పయిన సందులు. చక్రం తిరిగేకొద్దీ ఆ సందుల్లో చేరిన బురద విసిరివేయబడుతుంది. పొలాల్లో దీనికి సాటి లేదు. కాని తారురోడ్డు మీద నేలకు తగిలే రబ్బరు తక్కువ. పైగా ఎత్తయిన బటన్లు బ్రేకు వేసినప్పుడు అటూ ఇటూ వంగుతాయి. అంచేత తడి రోడ్డు మీద ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. రొద సరేసరి, అరవై దాటితే మాట వినబడదు.

మూడవది ఈ రెండింటి సంకరం. దీన్నే ఆల్ టెర్రెయిన్ అంటారు, అంటే అన్ని నేలలకూ అని. బటన్లు ఓ మోస్తరు పెద్దవి, సందులు ఓ మోస్తరు వెడల్పు, ఒక్కొక్క బటను మీద కత్తితో గీసినట్లు సన్నని చీలికలు. తడి రోడ్డు మీద పట్టు దొరికేది ఆ చీలికల వల్లనే. ఇందులోనూ రోడ్డు వైపు మొగ్గినవీ, బురద వైపు మొగ్గినవీ వున్నాయి. పేరు ఒకటే అయినా గుణాలు వేరు.

ఏది కావాలో ఎలా తేల్చడం? అంగడి పెద్దాయన ఒక్క మాటలో చెప్పాడు: “అయివారూ, టైరు బండికి కొనకూడదు. బాటకు కొనాల.”

ఆ మాట పట్టుకుని మేనల్లుడి చేత ఒక నెల లెక్క రాయించాను. ఏ రోజున ఏ దారిలో ఎన్ని కిలోమీటర్లు పోయిందీ ఒక పాత డైరీలో వేశాడు. నెలాఖరుకు కూడి చూస్తే పదింట ఏడు వంతులు తారురోడ్డు, రెండు వంతులు కంకర, ఒక్క వంతు మన్నూ బురదా తేలింది. మడ్ టైర్ల ముచ్చట అక్కడితో సగం తీరిపోయింది. ఏడు వంతుల దారిలో అమ్మమ్మను కూచోబెట్టుకుని పోతూ, ఒక్క వంతు దారి కోసం టైరు కొనడం న్యాయం కాదని వాడే ఒప్పుకున్నాడు. రోడ్డు వైపు మొగ్గిన ఆల్ టెర్రెయిన్ టైరు చాలునని నిశ్చయమైంది. అడవి కాంట్రాక్టు చేసేవారికో, రొయ్యల గుంటల మీద తిరిగేవారికో లెక్క వేరుగా రావచ్చు. లెక్క మాత్రం ఎవరికి వారు వేసుకోవలసిందే.

పక్కగోడ మీది శాసనం

టైరు పక్కన వుండే అంకెలూ అక్షరాలూ చూస్తే మొదట కళ్లు తిరుగుతాయి. కాని శాసనంలాగే దానికీ ఒక క్రమం వుంది.

పాత జీపుల టైరు మీద 6.00-16 అని వుంటుంది. టైరు వెడల్పు ఆరంగుళాలు, రిమ్ము అడ్డుకొలత పదహారంగుళాలు అని అర్థం. రెండవ ప్రపంచ యుద్ధంలో విల్లీస్, ఫోర్డు కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు తయారు చేశాయి. వాటి కొలత ఇదే. 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్‌గా పుట్టి, 1948లో మహీంద్రా అండ్ మహీంద్రాగా మారిన సంస్థ మన దేశంలో జీపులను కూర్చి అమ్మింది. ఆ కొలతా వాటితో పాటే మన పల్లెలకు వచ్చింది.

ఇప్పటి టైర్ల మీద రాత వేరు. ఉదాహరణకు 235/75 ఆర్ 15 109 ఎస్. మొదటి అంకె వెడల్పు, మిల్లీమీటర్లలో. 75 అంటే టైరు గోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి డెబ్బయి అయిదు వంతులు. ఆర్ అంటే రేడియల్. 15 రిమ్ము అంగుళాలు. 109 బరువు సూచిక, అంటే ఒక్క టైరు 1030 కిలోల దాకా మోయగలదు. ఎస్ వేగం సూచిక, గంటకు 180 కిలోమీటర్లు. మన జీపు ఆ వేగం కలలో కూడా చూడదు, అది వేరే సంగతి.

రేడియల్ అంటే ఏమిటి? పాత రకం టైరు లోపలి దారాలు నులకమంచం అల్లినట్లు ఏటవాలుగా, ఒకదాని మీద ఒకటి అడ్డంగా పోతాయి. ఒకచోట నొక్కితే మంచమంతా కదిలినట్లు, గోడ వంగితే నేలను తాకే భాగం కూడా మెలి తిరుగుతుంది. 1946లో ఫ్రాన్సులో మిషెలిన్ వారు పేటెంటు పొందిన రేడియల్ పద్ధతిలో దారాలు ఈ అంచు నుంచి ఆ అంచుకు తిన్నగా పోతాయి. వాటిపైన నేల తాకే మేర ఉక్కుపట్టీలు చుడతారు. గోడ తన పని తాను చేసుకుంటుంది, పాదం నేలమీద సమంగా ఆనుతుంది. రోడ్డు మీద స్థిమితం, తక్కువ అరుగుదల ఇందువల్లనే.

శాసనంలో అన్నిటికన్నా ముఖ్యమైనది తేదీ. ఒక చిన్న అండాకారపు గీత లోపల నాలుగంకెలు వుంటాయి. 3224 అని వుంటే 2024వ సంవత్సరం ముప్పయిరెండో వారంలో తయారైందని అర్థం. పల్లెల్లోని జీపు తక్కువ తిరుగుతుంది. అటువంటి బండి టైరు అరిగి పోదు, వయసు వచ్చి పోతుంది. ఎండకూ గాలికీ రబ్బరు గట్టిపడి నెరలు విచ్చుతుంది. ఆరేళ్లు దాటిన టైరును ఏటేటా జాగ్రత్తగా చూపించుకోవాలి. పదేళ్లు నిండినది, బటన్లు ఎంత నిక్షేపంగా వున్నా, తీసివేయడమే మంచిది. బావగారి రీబటను మాటకు జవాబు కూడా ఇదే. రీబటను అరిగిన అడుగుకు కొత్త తోలు కుట్టడం వంటిది. నెరలు విచ్చిన గోడలు పాతవే గదా!

పాత బండి ఒప్పుకోవాలి

ఇక ఎత్తు సంగతి. టైరు రెండంగుళాలు పెద్దదైతే బండి లేచేది ఒక్క అంగుళమే. ఇరుసు వుండేది చక్రం నడుమ గనుక రెండో అంగుళం నడినెత్తికి పోతుంది. ఆ ఒక్క అంగుళానికి చెల్లించే మూల్యం చూడండి. ఇరవై తొమ్మిది అంగుళాల టైరు తీసి ముప్పయి ఒకటి వేస్తే, వేగం చూపే ముల్లు అరవై దగ్గర వున్నప్పుడు బండి నిజంగా అరవై నాలుగు మీద వుంటుంది. ఇంజనుకు ప్రతి గేరూ బరువెక్కుతుంది. బ్రేకులు అవే గాని ఆపవలసిన చక్రం పెద్దదవుతుంది. స్టీరింగు బరువెక్కి, పాత కీళ్లు త్వరగా వదులవుతాయి. ఇవన్నీ అలా వుంచి, తయారీదారు నిర్ణయించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం 1988 నాటి మోటారు వాహనాల చట్టం ఒప్పుకోదు.

అంచేత ఎత్తు మారకుండా చూసుకోవాలి. 235/75 ఆర్ 15 లెక్క కడితే అడ్డుకొలత సుమారు 733 మిల్లీమీటర్లు, అంటే దాదాపు ఇరవై తొమ్మిది అంగుళాలు. పాత 6.00-16 కూడా ఇంచుమించు అంతే. అదే 215/75 ఆర్ 15 అయితే ఒక అంగుళం పైచిలుకు పొట్టి. మా తీర్పు మొదటి దానివైపు మొగ్గింది.

కాని ఆ టైరు పాత రిమ్ముకు ఎక్కదు. పాత రిమ్ము పదహారంగుళాలది, సన్నది. కొత్తదానికి పదిహేనంగుళాల రిమ్ము, ఆరు, ఆరున్నర అంగుళాల వెడల్పుతో కావాలి. బోల్టుల లెక్కే కాదు, వాటి మధ్య దూరం కూడా కలవాలి. రిమ్ముల ఖర్చు విని బావగారు ఆ పూట అన్నం సరిగా తినలేదు. తరువాత ఒక టైరు బిగించి, స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పి చూశాం. వెడల్పు టైరు లోపలి అంచు కమాన్ కట్టకు రాసుకునే ప్రమాదం వుంది. అంగడి పెద్దాయన స్టీరింగు తిరుగుడు ఆపే బోల్టును కాస్త సవరించి, రెండు వేళ్లు దూరేటంత సందు వుంచాడు. ఇది చూడకుండా డబ్బు కట్టరాదు.

నాలుగూ ఒకటే కావాలి

పాత జీపులో ఇంకొక సూక్ష్మం వుంది. నాలుగు చక్రాల గేరు వేసినప్పుడు ముందు ఇరుసూ వెనుక ఇరుసూ ఒకే వేగంతో తిరిగేటట్లు ముడిపడిపోతాయి. ముందు కొత్త టైర్లూ వెనుక అరిగినవీ వుంటే చుట్టుకొలతలు తేడా వస్తాయి. ఒక ఎద్దు ముందుకూ ఒక ఎద్దు వెనక్కూ లాగే కాడిలా గేర్లు బిగుసుకుంటాయి. అందుకే నాలుగు టైర్లూ ఒకే కంపెనీ, ఒకే కొలత, ఒకే రకం కావాలి. రేడియల్‌నూ పాతరకాన్నీ ఒకే బండికి కలిపి వేయరాదు. ఎండిన తారురోడ్డు మీద నాలుగు చక్రాల గేరు వేయడం కూడా ఇందువల్లనే తప్పు. మన్నులోనో కంకరలోనో అయితే చక్రం కాస్త జారి ఆ బిగువును వదిలించుకుంటుంది.

స్టెప్నీ సంగతి మనవాళ్లు మరచిపోతారు. మిగిలిన పాతదాన్ని వెనుక తగిలిస్తే అవసరానికి అది పొత్తు కుదరదు. కనుక అయిదూ కొనాలి. ఎనిమిది, పదివేల కిలోమీటర్లకు ఒకసారి అయిదింటినీ స్థానాలు మార్చుకుంటూ పోతే సమంగా అరుగుతాయి. గాళ్ల అడుగున అక్కడక్కడ చిన్న అడ్డుగట్లు వుంటాయి. బటను అరిగి ఆ గట్టుతో సమమైతే 1.6 మిల్లీమీటర్లే మిగిలిందని అర్థం. తడ ప్రాంతంలో అక్టోబరు మొదలు డిసెంబరు దాకా కురిసే వానలకు అది చాలదు. కాస్త ముందే మార్చుకోవడం వివేకం.

సుద్దముక్క పరీక్ష

గాలి ఎంత కొట్టాలి? టైరు మీద రాసివున్న పౌనులు దాని గరిష్ఠ పరిమితి. అంత కొట్టమని కాదు. రేడియల్ టైరు గోడ కొంచెం ఉబ్బినట్లే కనిపిస్తుంది. గాలి తక్కువైందని కంగారుపడి ఎక్కువ కొట్టించరాదు. సరైన లెక్క తెలుసుకోవడానికి నా వృత్తి పనిముట్టే అక్కరకు వచ్చింది. టైరు అడుగున ఈ అంచు నుంచి ఆ అంచుకు సుద్దముక్కతో మందంగా గీత గీసి, చదునైన రోడ్డు మీద నాలుగు చుట్లు తిన్నగా పోనిచ్చి చూడాలి. గీత నడుమ మాత్రమే చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లో చెరిగితే తక్కువ, అంతటా చెరిగితే సరి.

ఇసుకలో పోవలసి వస్తే ముప్పయి పౌనుల గాలిని ఇరవై దాకా తగ్గిస్తే పాదం పొడవై బండి తేలిగ్గా పోతుంది. కాని రోడ్డెక్కే ముందు మళ్లీ నింపి తీరాలి. తక్కువ గాలితో వేగంగా పోతే గోడ మాటిమాటికీ నలిగి, వేడెక్కి, టైరు పేలుతుంది. గాలి కొట్టే పంపు బండిలో లేనివాడు గాలి తీయకూడదు.

కిందటి నవంబరులో శ్రీకాళహస్తి దారిలో, జోరున వాన వెలిసిన కాసేపటికి, మా అక్కయ్య చెప్పిన గేదె రానే వచ్చింది. బావగారు బ్రేకు తొక్కారు. బండి తిన్నగా, పక్కకు ఈడ్వకుండా, గేదెకు బారెడు దూరంలో ఆగింది. వెనుక సీట్లో అత్తమ్మగారు నిద్రలోంచి లేచి “వూరొచ్చిందా?” అని మాత్రం అడిగారు. రిమ్ముల ఖర్చు మాట ఆ తరువాత బావగారి నోట వినలేదు.

టైరు చేయలేనిది

మంచి టైరు వేశామన్న ధైర్యం ఒక్కొక్కప్పుడు కీడు చేస్తుంది. పులికాటు ఒడ్డున వేసవిలో నేల పైన ఎండి పెచ్చుకట్టి గట్టిగా కనిపిస్తుంది. కింద జిగురు బురద వుంటుంది. పెచ్చు పగిలిందా, ఏ టైరైనా ఇరుసుదాకా దిగవలసిందే. అక్కడికి పోకపోవడమే వుపాయం. ఉప్పునేల తొక్కి వచ్చిన బండికి అడుగుభాగమంతా మంచినీళ్లతో కడగడం మరువరాదు. అడవిలో బాట విడిచి బండి తోలడం, అటవీశాఖ వారి అనుమతి లేకుండా లోపలికి పోవడం మగతనం కాదు, నేరం.

అన్నిటికన్నా ముఖ్యం పారే నీరు. 2021 నవంబరు వరదలలో తిరుపతి, నెల్లూరు ప్రాంతాలు ఎంత అల్లల్లాడాయో చాలామందికి జ్ఞాపకమే. కాలువ పొర్లి రోడ్డు మీద పారుతుంటే నాలుగు చక్రాల బలమూ, కొత్త టైర్ల పట్టూ ఎందుకూ కొరగావు. నీరు బండిని తేల్చితే టైరుకు నేలే అందదు. నేల అందని టైరుకు పట్టు ఎక్కడిది? అప్పుడు బండిని వెనక్కు తిప్పి, పక్క వూళ్లో ఎవరింటి అరుగు మీదనో ఒక పూట గడపడం వుత్తమం.

కనుక టైర్లు కొనబోయేవారు ముందు ఒక నెల దారి లెక్క రాసుకోండి. తరువాత పాత కొలత, రిమ్ము, తయారైన వారం, ఈ మూడూ కాగితం మీద వేసుకుని అంగడికి పొండి. ఆ కాగితం చేతిలో వున్నవాడికి అంగడివాడు తనకు అమ్ముడుపోని సరుకు అంటగట్టడు.